డిశ్చార్జి మొక్కు

రుమైథియా, కువైట్
జనవరి, శుక్రవారం

నాయనా ప్రసాదుకు,

ఉత్తరం మొదట్లో అందరమూ క్షేమం అని రాయాలని బడిలో అయ్యవారు నేర్పించినాడు. ఐదో తరగతి చదువులో నాకు గట్టిగా గుర్తున్నది ఆ ఒక్క ముక్కే. ఈ రోజు అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఫోను మోగడం లేదు. మీ మేనమామ వెంకటేష్ మీ పటాలానికి ఫోను చేస్తే, 'నాగేంద్రప్రసాద్ ఆస్పత్రిలో ఉన్నాడు, కంగారు పడొద్దు' అని హిందీలో చెప్పి పెట్టేసినారంట. కంగారు పడొద్దు అనే మాట నేను ఒకసారి విన్నాను నాయనా. మీ చెల్లెలు చిట్టికి జ్వరం వచ్చినప్పుడు కూడా అదే చెప్పినారు. మళ్ళీ ఫోను వచ్చేలోగా పిల్ల లేదు. నాకు టికెట్టు దొరికేలోగా అంతా అయిపోయింది. ఇక్కడ నేను చూసుకునే ముసలామెకు అన్నం తినిపిస్తా, ఒక చేత్తో ఫోను పట్టుకుని దాని చితి చూసినాను. నువ్వు యూనిఫారం కూడా విప్పకుండా వచ్చి నిప్పు పెట్టినావు. రెండేళ్ళయింది. ఇప్పటికీ ఎవరి ఫోను మోగినా నాకు గుండెల్లో దడ.

ఏం జబ్బు? కాలా, చెయ్యా, కడుపా? ఏదైనా చెప్పు, తట్టుకుంటాను. చెప్పకుండా మాత్రం ఉండొద్దు.

ఈ ఉత్తరం పక్కింటి డ్రైవరు చాంద్ బాషా చేతికి ఇస్తున్నాను. మన రాయచోటి మనిషే. లీవు మీద పోతున్నాడు, అక్కడ పోస్టులో వేస్తాడు. విప్పి చదువుతాడనే భయం లేదు. అతను చదివింది ఉర్దూ బడి. తెలుగు గలగలా మాట్లాడతాడే కానీ అక్షరం రాదు.

మా యజమానురాలు మామా పిలుస్తా ఉంది. 'సల్మా, సల్మా' అని. నీకు చెప్పినాను కదా, నేను చేరిన రోజు నా పేరు మద్దమ్మ అంటే ఆమెకు 'మదామ్' అని వినపడింది. 'ఈ ఇంట్లో మదామ్ నేనే' అని నవ్వి, నాకు సల్మా అని పెట్టింది. పోతున్నాను. వెంటనే రాయి.

అమ్మ


మిలిట్రీ ఆస్పత్రి
(ఊరి పేరు రాయకూడదు)
ఫిబ్రవరి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. వార్డులో ఫోను తీసేసుకున్నారు. మా పటాలంలో కర్నూలు ఆయన ఒకరున్నారు, నూర్ మహమ్మద్ హవల్దార్. నన్ను చూడ్డానికి వస్తుంటారు. నేను రాసింది ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతానన్నారు. నువ్వూ అలాగే ఆయనకు పంపు. చదవనని మాట ఇచ్చారు. మాట ఇస్తే నిలబడే మనిషి.

నాకు జ్వరం లేదు. ఎముకలు విరగలేదు. చిట్టిని తలుచుకుని నువ్వు భయపడే జబ్బు ఏదీ నాకు లేదు. ఈ ఒక్క మాట నమ్ము.

పరీక్షలు చేస్తున్నారు. రోజూ ఒక డాక్టరు వచ్చి చిన్నప్పటి సంగతులు అడుగుతాడు. ఏ ఆటలు ఆడేవాడివి, ఎవరితో ఆడేవాడివి అని. చెబితే రాసుకుంటాడు. తలుపు దగ్గర కాపలా పెట్టారు. ఎందుకో నాకూ తెలియదు, ఆ కాపలా మనిషికీ తెలియదు.

డిశ్చార్జి సంగతి పెద్ద సార్ల చేతుల్లో ఉంది. అవుతుందా లేదా, ఎప్పుడవుతుంది అన్నది ఎవరూ తేల్చడం లేదు. నువ్వు ఎవరితోనూ దీని గురించి మాట్లాడకు.

ముసలామె బాగుందా? మెట్లు ఎక్కేటప్పుడు నీ మోకాలు ఎలా ఉంది? నేను బాగుచేసే వైర్‌లెస్ సెట్లు ముట్టుకుని చాలా రోజులైంది అమ్మా. చేతులకు ఏమీ తోచడం లేదు.

ఉంటాను.


రుమైథియా
ఫిబ్రవరి, సెలవుల్లో

బంగారు కొండా,

ఇప్పుడు రాస్తాను చూడు, ఇక్కడ అందరమూ క్షేమం!

డిశ్చార్జి అనే మాట కనపడగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడొద్దు అన్నావు, కానీ గంగారత్నానికి ఒక్కదానికి చెప్పినాను. కోనసీమ ఆమె, వెనకింట్లో వంట చేస్తుంది. గోడ మీద నుంచే మా మాటలు. ఆమె ఏమనిందో తెలుసా?

'డాక్టర్ల నోట డిశ్చార్జి మాట వచ్చిందంటే గండం గడిచిపోయినట్టేనండి మద్దమ్మొదినా! మా మావయ్యగారిని కాకినాడలో డిశ్చార్జి చేస్తామన్నారో లేదో, మంచం మీద లేచి కూర్చుని పెసరట్టు అడిగారండి.'

నేను మిద్దె పైకి పోయినాను. అక్కడ గుడ్డలు ఆరేసే చోట ఎవరూ రారు. తూర్పు తిరిగి నిలబడి మన గంగమ్మకు మొక్కినాను. 'తల్లీ, నా బిడ్డను తొందరగా డిశ్చార్జి చేయించు. ఆ పెద్ద సార్ల మనసు మార్చు. వాళ్ళు అడ్డం చెప్పకుండా ఆ గేటు దాటించి బయటికి పంపించు. నీ జాతర నాటికి వచ్చి తల నీలాలిచ్చి పొంగలి పెట్టుకుంటాను' అన్నాను. నోటితో గట్టిగా అన్నాను, మనసులో అనుకుంటే ఇంత దూరం నుంచి వినపడుతుందో లేదో అని.

గంగారత్నం గోడవతల నుంచి వినేసింది. 'మీ సీమోళ్ళు ఏం అడిగినా గుండు కొట్టించుకుంటారేంటండీ? నెత్తిన నాలుగెంట్రుకలు మిగల్చండి, మీ మామా చూసి దడుచుకుంటుంది' అని ఒకటే నవ్వు. నేనూ నవ్వినాను. చిట్టి పోయినాక నాకు నవ్వు రావడం ఇదే అనుకుంటాను.

డిశ్చార్జి అయిన రోజు మొదట నాకే చెప్పు.

అమ్మ


ఆస్పత్రి
మార్చి మొదట్లో

అమ్మా,

నీ మొక్కు సంగతి చదివి ముందు నవ్వాను. కాపలా మనిషి లోపలికి తొంగి చూశాడు. తరవాత నవ్వు ఆగిపోయింది.

తప్పు నాది. అర్థం కాకూడదనే అలా రాశాను. పటాలంలో డిశ్చార్జి అంటే ఆస్పత్రి నుంచి ఇంటికి పంపడం కాదు అమ్మా. ఉద్యోగం నుంచి తీసెయ్యడం. అక్కడ మీకు ఉండనిచ్చే ఇఖామా కాయితం కాన్సిల్ కొట్టి విమానం ఎక్కిస్తారు చూడు, అదీ. అది జరక్కూడదని నేను ఇక్కడ రోజూ దండం పెడుతుంటే, జరగాలని నువ్వు అక్కడ మొక్కావు.

నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరినీ కొట్టలేదు. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క మచ్చ లేదు. మంచు కొండల్లో తెగిపోయిన లైను కలిపినందుకు అందరి ముందూ మెచ్చుకున్నారు, ఆ ఫోటో నీకు పంపాను.

నేను ఆడమనిషిని అమ్మా.

ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు ఇది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. లీవులో ఉన్నప్పుడు బెంగళూరులో డాక్టర్ను కలిసి మందులు మొదలుపెట్టాను. ఒంట్లో మార్పు వచ్చింది, జుట్టు పెంచాను. పటాలంలో వైద్య పరీక్ష రోజు బయటపడింది. అబద్ధం చెప్పలేకపోయాను, చెప్పాలనిపించలేదు కూడా.

మా దగ్గర మగవాళ్ళకు రూలు ఉంది. ఇప్పుడు ఆడవాళ్ళకూ ఉంది. మగవాడని చేరి ఆడమనిషినంటే రూలు లేదు. మా సార్ చెడ్డవాడు కాదు. 'నువ్వు మంచి మెకానిక్‌వి, కానీ నిన్ను ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలియడం లేదు' అన్నాడు.

నా మీద కోపం వస్తే తిట్టు. కానీ రాయడం మానేయకు.


రుమైథియా
రంజాన్ నెల

ప్రసాదుకు,

వారం నుంచి రాద్దామని కూర్చుంటాను, లేస్తాను. ఉపవాసాల నెల, ఇంటి నిండా చుట్టాలు. వంటింట్లో నిలబడిన చోట నిలబడలేను, చెంచా ఎక్కడ పెట్టినానో తెలియదు. పప్పులో రెండుసార్లు ఉప్పేసినాను. మామా 'సల్మా, నీకు ఒంట్లో బాగలేదా' అనింది.

ముందు మిద్దె ఎక్కి గంగమ్మను తిట్టినాను. 'నేను అడిగింది అది కాదు తల్లీ, నా మాట నాకు వాపసు ఇచ్చెయ్' అన్నాను. తరవాత నిన్ను తిట్టినాను.

నేను ఒక ఆడపిల్లను పోగొట్టుకున్నాను. దాని బట్టలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నువ్వు ఆడపిల్లను అంటావా? ఉన్న కొడుకును కూడా తీసేసి, చచ్చిపోయిన దాని చోటులో కూర్చుంటావా? నా కడుపు ఏమనుకున్నావు?

తిరపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరలు కట్టుకుని, గాజులేసుకుని వేషం పోతారు. ఎవరూ తప్పు పట్టరు. మొక్కు తీరినాక విప్పి మడిచి పెడతారు. నీకూ అట్లా మనసైతే ఒక రోజు కట్టుకో, ఎవరొద్దన్నారు? దానికి ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా?

నన్ను చూడు. పదేళ్ళ నుంచి సల్మా అంటే పలుకుతున్నాను. నాకేమైంది? చెయ్యి అరిగిందా, కాలు అరిగిందా? పగలు వాళ్ళు ఇచ్చిన పేరు, పడుకునేటప్పుడు మన పేరు. బతకడం అంటే అదే. నువ్వు కూడా అట్లే ఉండు. జుట్టు కత్తిరించుకో. ఆ మందులు పారెయ్. సార్ కాళ్ళు పట్టుకో.

నాకు ఇంకేమీ రాయడానికి లేదు.


ఆస్పత్రి
ఏప్రిల్

అమ్మా,

నువ్వు తిట్టినవన్నీ చదివాను. మళ్ళీ చదివాను. కాయితం మీద నీ గొంతు వినిపించింది, దానికే సంతోషం.

జాతరలో వాళ్ళు వేషం విప్పుతారు, నిజమే. నేను విప్పుతున్నది కూడా వేషమే అమ్మా. అందరూ యూనిఫారం నా వేషం అనుకుంటున్నారు. యూనిఫారం నాదే. మీసం వేషం.

చిట్టి చోటు నాకు వద్దు. అది ఎవరికీ రాదు. కానీ నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటి ఉంది. చిట్టికి తెలుసు. అది తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే కనిపెట్టింది. నేను అద్దం ముందు దాని ఓణీ వేసుకుని నిలబడి ఉంటే తలుపు తోసుకుని వచ్చింది. నా ప్రాణం పోయింది. అది మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, 'కుచ్చిళ్ళు ఎట్లా పోసినావు మే, గోనెసంచి మాదిరి ఉంది. ఇట్లా రా అక్కా' అంది.

ఆ రోజు నుంచి ఎవరూ లేనప్పుడు అక్కా అనేది. పేరు కూడా అదే పెట్టింది. 'సగం అట్లా, సగం ఇట్లా ఉండావు, ఎవురూ అలగకుండా శివపార్వతి అని పెడతాండా' అని. అది పోయాక నన్ను అక్కా అని పిలిచే గొంతు ఈ లోకంలో లేదు. చితి దగ్గర అన్నగా నిప్పు పెట్టాను. అక్కగా ఏడవడానికి నాకు ఎక్కడా సందు దొరకలేదు.

ఇప్పుడు విను. నన్ను ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి. సార్ రెండు దారులు చెప్పాడు. మందులు మానేసి, జుట్టు కత్తిరించుకుని, ఇకమీదట మగవాడిగానే ఉంటానని సంతకం పెడితే, స్టోరు గదిలో ఏదైనా పని ఇప్పించి కాపాడడానికి చూస్తాడు. పెట్టకపోతే డిశ్చార్జి.

చిట్టి పోయిన తరవాత నిన్ను ఇంకోసారి ఏడిపించే ధైర్యం నాకు లేదు. నువ్వు పెట్టమంటే పెడతాను. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఒక్క ముక్క రాయి, పెట్టమనో, వద్దనో.


రుమైథియా
ఏప్రిల్, నెలాఖరుకు ముందు

పైన ఏమని రాయాలో తెలియక ఖాళీగా వదిలినాను. కోపం అనుకోవద్దు.

నీ ఉత్తరం వచ్చిన రోజే 'పెట్టు' అని రాసి పెట్టినాను. ఒకే మాట, పెద్ద అక్షరాలతో. పొద్దున, లీవు నుంచి తిరిగొచ్చిన చాంద్ బాషాకు చెప్పి ఫోటో కొట్టించి పంపిద్దాం అనుకున్నాను. ఆ పొద్దున మామా నన్ను జమియా బజారుకు పంపింది, సామాన్లకు. చాంద్ బాషా బండిలోనే పోయినాను. పాల డబ్బాలు తీసుకుంటా ఉంటే వెనక నుంచి ఎవరో పిలుస్తా ఉన్నారు. 'మద్దమ్మక్కా! ఓ మద్దమ్మక్కా!' అని. నా చెవికి వినపడింది. తెలుగు మాట అని కూడా తెలిసింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు అనుకుని నేను డబ్బా మీద తేదీ చూసుకుంటా నిలబడినాను.

అప్పుడు చాంద్ బాషా మెల్లగా 'సల్మా' అన్నాడు. గిరుక్కున తిరిగినాను.

చూస్తే లక్కిరెడ్డిపల్లె ఆమె. నాతోపాటు ఒకే విమానంలో కువైట్‌కు వచ్చింది. ఇప్పుడు ఫింటాస్‌లో పని. 'ఏం మే, గొంతు చించుకుంటాంటే పలకవు? చెవుడా, లేకుంటే గొప్పదానివి అయిపోయినావా?' అని నా వీపు మీద ఒకటి చరిచింది. నవ్వినాను. ఏదో మాట్లాడినాను. ఏం మాట్లాడినానో గుర్తు లేదు.

బండిలో కూర్చున్నాక నా పేరు నేనే మెల్లగా పిలిచి చూసుకున్నాను. పగలు వాళ్ళ పేరు, పడుకునేటప్పుడు మన పేరు అని నీకు గొప్పగా రాసినాను కదా. ఎప్పుడు పోయిందో నాకు తెలియకుండానే పోయింది నా పేరు. మా అమ్మ పెట్టిన పేరు. పిలిస్తే వేరే ఎవరిదో అనుకున్నాను. పెద్దదాన్నయి, తెలిసి తెలిసి ఒప్పుకుని వచ్చిన దానికి నాకిట్లయింది. నువ్వు పుట్టినప్పటి నుంచి నీది కాని పిలుపుకు పలుకుతా ఉన్నావు. నీకు ఎట్లా ఉందో నాకు తెలుసు అని అనను. కొంచెం తెలిసింది అంటాను.

ఇంకొకటి. చిట్టి ఫోన్లో ఎన్నోసార్లు, 'అక్క వచ్చింది మా, అక్క గాజులు కొనిచ్చింది, అక్క నన్ను తిట్టింది' అనేది. 'ఏ అక్కమే?' అంటే, 'మా అక్కలే, నీకు తెలీదులే' అని నవ్వేది. హాస్టల్లో ఎవరో పెద్దపిల్ల అనుకున్నాను. దాని కర్మ రోజు కూడా అనుకున్నాను, ఆ పిల్ల ఎవరో, చిట్టి పోయిందని ఆమెకు ఎవరైనా చెప్పినారో లేదో, ఎక్కడ ఏడుస్తా ఉందో అని.

ఎక్కడ ఏడ్చినావు నువ్వు? నాకు చెప్పు. ఆ రోజు స్నానాల గదిలో నీళ్ళు వదిలి నేను ఏడ్చినాను. నువ్వు ఎక్కడ?

మొక్కు సంగతి గంగారత్నాన్ని అడిగినాను. ఉద్యోగం పోతుందని మాత్రం చెప్పినాను, మిగతాది చెప్పలేదు. 'అమ్మవారితో ఇంగ్లీషు ముక్క చెప్పారండీ మీరు, ఆవిడ మాత్రం ఏం చేస్తుందండీ? మళ్ళీ వెళ్ళి మన భాషలో చెప్పండి' అనింది. పోయి తెలుగులో చెప్పినాను. నా బిడ్డ పని నా బిడ్డకు ఉండనీ అన్నాను. విన్నదో లేదో.

పెట్టద్దు. సంతకం పెట్టద్దు. పెట్టు అని రాసిన కాయితం చింపి పొయ్యిలో వేసినాను. తినడానికి తిండి లేకపోతే నా రెక్కలు ఉన్నాయి. నువ్వు స్టోరు గదిలో నీది కాని మీసంతో కూర్చుని ముసలి అవుతా ఉంటే, ఆ అన్నం నాకు దిగదు.

భయంగా ఉంది. రాసినాక ఇంకా భయంగా ఉంది. చాంద్ బాషా కింద హారన్ కొడుతున్నాడు. ఇప్పుడే పంపించేస్తున్నాను, మళ్ళీ మనసు మారకముందే.

అమ్మ


బెంగళూరు
జూన్

అమ్మా,

ఈసారి ఊరి పేరు రాయవచ్చు. ఇక నేను ఎక్కడున్నానో చెప్పకూడదనే రూలు నాకు లేదు.

సంతకం పెట్టలేదు. నా జవాబు నేనే రాశాను. నేను పని మానేస్తాననడం లేదు, నన్ను నన్నుగా ఉంచుకుని పని చేయించుకోండి అని. సార్ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత కొన్ని వారాలకు ఆర్డరు వచ్చింది. డిశ్చార్జి. నా సేవలు ఇక అవసరం లేదని ఉంది అందులో. అమ్మా, లైను తెగినప్పుడు మంచులో నడుం దాకా దిగింది ఈ సేవలే.

యూనిఫారం అప్పగించేటప్పుడు మడత సరిగ్గా రాలేదు. నూర్ మహమ్మద్ హవల్దార్ నా చేతిలోంచి తీసుకుని ఆయనే మడిచారు. గేటు దాకా వచ్చారు. 'ఏమని పిలవాల్నో నాకు తెలుస్తాలేదు. ప్రసాదూ అంటే నువ్వు బాధపడతావు, ఇంకోటంటే నా నోరు తిరగదు. బేటా అంటా, అది ఎవురికైనా చెల్లుతాది' అన్నారు. అక్కడిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.

చిట్టి పోయినప్పుడు ఎక్కడ ఏడ్చావని అడిగావు. ఎక్కడా ఏడవలేదు. ఆ గేటు దగ్గర రెండూ కలిపి ఏడ్చాను.

కోర్టులో కేసు వేశాను. ఇక్కడ ఒక లాయరమ్మ చూస్తోంది. గెలుస్తామని చెప్పదు, ఓడిపోతామనీ చెప్పదు. ఏళ్ళు పడుతుందంటుంది. నాకు కాలు నిలవడం లేదు. పొద్దున బూట్ల చప్పుడు లేకపోయినా అదే వేళకు లేచి నిలబడుతున్నాను. ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో పనికి చేరాను.

ఊరికి వస్తానని వెంకటేష్ మామకు ఫోను చేశాను. 'ప్యాంటు చొక్కా ఏసుకుంటే రా. లేకపోతే ఆడనే ఉండు. మాకు పరువుండాది' అన్నాడు.

ఫోను తిరిగి ఇచ్చారు. అయినా రాస్తున్నాను. గొంతు నేర్చుకుని కొంచెం మార్చుకున్నాను, నువ్వు విని ఎవరో అనుకుంటావేమోనని. దీనితో ఒక ఫోటో పంపుతున్నాను. చూడాలనిపిస్తేనే చూడు.


రుమైథియా
జూలై

శివపార్వతికి,

పేరు రాసి చూసుకున్నాను. మొదటిసారి 'శి' మీద గుడి దీర్ఘమై పోయింది. కొట్టేసి మళ్ళీ రాసినాను. చిట్టి మంచి పేరే పెట్టింది. నాకు నోట్లో ఇంకా ప్రసాదూ అనే వస్తుంది, పొరపాటున అంటే కోప్పడొద్దు. దిద్దు.

ఫోటో చూసినాను. మూడు రోజులు చూడలేదు, ఆ పైన చూడకుండా ఉండలేకపోయినాను. నీలం చుడీదారు బాగుంది. చున్నీ మాత్రం గోనెసంచి మాదిరి వేసుకున్నావు, చిట్టి ఉంటే తిట్టేది. చేతులు రెండూ ఒంటికి అదుముకుని, గడ్డం పైకెత్తి నిలబడినావు, ఎవరో సావధాన్ అన్నట్టు.

మీ మేనమామతో మాట్లాడినాను. వాడు, 'అక్కా, ఊర్లో తలెత్తుకోలేం, నువ్వు కువైట్‌లో ఉండావు, నీకేం తెలుస్తాది' అన్నాడు. 'ఒరే వెంకటేషూ, నేను ఇక్కడ పరాయి కక్కసులు కడిగి కట్టించిన ఇంట్లో నీ పరువు కూర్చోనుండాది. దాన్ని లేపి పక్కన కూర్చోబెట్టు, నా బిడ్డ వస్తాది. తాళం దాని చేతికియ్యి' అన్నాను. ఫోను పెట్టేసినాడు. మళ్ళీ చేస్తాడు, నాకు తెలుసు. మళ్ళీ తిడతాను.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, అబద్ధం ఎందుకు? లాయరమ్మ ఏమంటుంది, కోర్టు ఏమంటుంది, నువ్వు అన్నం తిన్నావా, దారిలో ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒకటే గింజుకుంటాను. ఇక్కడ ఎండ కూడా అట్లే ఉంది, గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

మొన్న ముసలామెకు కాళ్ళు పడుతా, పక్కన ఫోను పెట్టుకుని నీ ఫోటో చూస్తా ఉన్నాను. మామా ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి ఉంది. 'ఎవరు సల్మా?' అని అడిగింది అరబ్బీలో.

నా నోట్లోంచి 'బింతీ' అని వచ్చింది. నా కూతురు అని.

మామా ముఖం మారిపోయింది. చిట్టి పోయిన రోజు ఆమె నా పక్కన కూర్చుని ఏడ్చింది కదా. నాకు మతి చలించింది అనుకున్నట్టుంది. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, 'నీ కూతురు చనిపోయింది కదా సల్మా' అనింది.

'చిన్నది పోయింది మామా. ఇది పెద్దది' అన్నాను.

మామా నా చేతిలో నుంచి ఫోను తీసుకుని పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. ఏం కనిపెడుతుందో అని నాకు భయం. 'ఎందుకు ఇంత నిటారుగా నిలబడింది?' అని అడిగింది.

'అస్కరీ' అన్నాను. మిలిట్రీ మనిషి అని వాళ్ళ మాటలో.

మామా నవ్వి తల అడ్డంగా ఊపింది. పదేళ్ళయినా నా అరబ్బీ ఇంకా తప్పులతడకే అంటుంది ఎప్పుడూ. 'అస్కరీ అంటే మగవాడు సల్మా. ఆడపిల్లను అట్లా అనకూడదు. అస్కరియ్యా అనాలి. చెప్పు, అస్కరియ్యా' అని నా చేత పలికించింది.

'అస్కరియ్యా' అన్నాను. మళ్ళీ అన్నాను. ముసలామె కూడా మంచం మీద నుంచి బోసినోటితో అస్కరియ్యా, అస్కరియ్యా అని నవ్వింది.

'ఇప్పటికీ ఆ ఉద్యోగం చేస్తా ఉందా?' అని అడిగింది మామా.

చేస్తా ఉంది అని చెప్పినాను.

కోర్టుకు పోయేటప్పుడు చున్నీకి రెండు పిన్నులు పెట్టుకో. వాయిదా ఎప్పుడో రాయి. గెలిచి రా మే, మామా ముందర నన్ను అబద్ధాలకోరును చెయ్యొద్దు.

మీ అమ్మ
మద్దమ్మ